కుడిచేతి పసుపు దారం

నా చిన్నప్పుడు మా ఇంటి రంగులకు పిల్లల మణికట్టే పరీక్ష. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. కొత్తగా రంగు వేసిన పట్టులోంచి ఒక పోగు తీసి మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నా చేతికి కట్టేది. ఎండ, చెమట, కుంకుడు నురుగు, సంగటి, అన్నీ తగిలేది పిల్లల చేతికే కదా. నెల గడిచినా పోగు వెలిసిపోకుంటేనే ఆ రంగు చీరలోకి వెళ్ళేది. ఊళ్ళో ఇంకెవరూ ఇట్లా చేసేవాళ్ళు కారు. ఇది మా అవ్వ ఛాదస్తం.

అప్పటికే మా వీధిలో చాలా ఇళ్ళకు డబ్బా రంగులు వచ్చేశాయి. అవ్వ మాత్రం లక్కతో ఎరుపు, మోదుగ పూలతో పసుపు కాచేది. పెరటి కొట్టం నిండా ఆమె కుండలూ, పూల మూటలే. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఒకరోజు ఏదో విదేశీ కంపెనీ రంగులు అమ్మే ఆయన బెంగళూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. ఎరుపు, పసుపు చిన్న డబ్బాలు రెండు ఊరికే ఇచ్చి, "అజ్జీ, మీ వారం పని ఇది ఒక పూటలో చేస్తుంది" అన్నాడు, అవ్వను కన్నడంలో పిలుస్తూ.

మా నాయన ఆ మాట పట్టుకున్నాడు. ఆయనది దురాశ కాదు. మా చిన్నాయన సొంత మగ్గం లేక పరాయి ఇంట్లో కూలికి నేస్తుండేవాడు. "అమా, ఈ కుండలు తీసేస్తే ఈడ ఇంకో మగ్గం పడుతుంది. తమ్ముడు ఇంట్లోనే నేస్తాడు" అన్నాడు.

"తీసేద్దాంలేప్పా. నెల ఆగు. పాప చేతిలో ఏది నిలిస్తే అదే ఉండనీ" అంది అవ్వ.

కంపెనీ రంగులు వేసిన పోగులు రెండూ నా ఎడమ చేతికి కట్టింది. తన ఎరుపు, పసుపు మాత్రం కుడి చేతికి కట్టింది. అన్నం తినేది, చెంబు ముంచేది, పని చేసేది కుడి చెయ్యి. నాకు కోపం వచ్చింది. తన రంగుకే ఎక్కువ కష్టం పెడుతుందేమిటి, ఈ ముసలమ్మకు తెలివి లేదా అనుకున్నాను. పది రోజులకే ఆమె పసుపు పాలిపోసాగింది. ఆ కుండలు పోతే అవ్వ ఏం చేస్తుంది, ఎక్కడ కూర్చుంటుంది? ఆలోచిస్తే నాకు ఏడుపొచ్చేది. ఎవరూ చూడకుండా అవ్వ పెట్టెలోంచి కొత్త పసుపు పోగు తీసి కట్టుకున్నాను. ఇక స్నానానికీ, భోజనానికీ దాన్ని విప్పి ఉప్పు జాడీ వెనక దాచడం, మళ్ళీ కట్టుకోవడం నా పనైంది.

నెల తిరిగేసరికి అమావాస్య వచ్చింది. మగ్గాలకు సెలవు. అందరూ వసారాలో చేరారు. అవ్వ నా చేతులు రెండూ వెలుతురులోకి లాగి చూసింది. కంపెనీ ఎరుపు కారి నా చర్మానికి అంటింది. కంపెనీ పసుపు చెక్కుచెదరలేదు. అవ్వ లక్క ఎరుపు మురికి పట్టినా నిలిచింది. అవ్వ పసుపు మాత్రం పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. "చూసినావా, అమ్మదే గెలిచె" అన్నాడు చిన్నాయన, తన మగ్గం పోతున్నా సంతోషంగానే.

అవ్వ నవ్వలేదు. ముడి మీద వేలు పెట్టింది. అది ఆమె వేసే ముడి కాదు. నేను జడ రిబ్బనుకు వేసుకునే పూలముడి.

"ఈ దారానికి నీళ్ళే తగల్లేదు" అని అందరికీ వినబడేటట్టు చెప్పింది. నేను తల దించుకున్నాను. దెబ్బ పడుతుందనుకుంటే, దగ్గరికి లాక్కుంది. "నా మీద ప్రేమతో దాచినావు మే, నాకు తెలుసు. చీర కొన్న ఆయమ్మకు నామీద ప్రేమ యాడుంటాది? ఒక్క ఉతుకుతో నా బతుకు బయటపడతాది."

కొత్తగా నాలుగు పోగులు తీసుకుని ఈసారి నాలుగూ తన కుడి చేతికే కట్టుకుంది. మళ్ళీ అమావాస్యకు ఆమె పసుపు ఎండుగడ్డి రంగుకు వచ్చింది. "పసుపు వాళ్ళదే మేలప్పా. ఎరుపు నాదే. పసుపు డబ్బాలు తెచ్చుకో, ఎరుపు డబ్బా తిప్పి పంపు" అని తనే తీర్పు చెప్పింది. పసుపు కుండలు తనే కడిగి బోర్లించింది. ఆ చోట నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంత తవ్వి చిన్నాయనకు మగ్గం వేశారు. ఇరుకుగానే పట్టింది. పక్కనే లక్క కుండ ఉడుకుతూ ఉండేది.

తర్వాత మా చుట్టుపక్కల ఎన్నో విదేశీ కంపెనీలు వచ్చాయి, కొన్ని పోయాయి. వాటివల్ల మనకు మేలా కీడా అని ఇంట్లో కుర్రవాళ్ళు వాదించుకుంటూ, చివరకు నన్నడుగుతారు. వాళ్ళ సరుకును అనుమానించడం నాకు కష్టం కాదు. మనదాన్ని కుడి చేతికి కట్టుకోవడమే కష్టం. అందుకే జవాబు చెప్పేముందు, నాకిష్టమైన దారాన్ని ఏ ఉప్పు జాడీ వెనకైనా దాచానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను.