హిందూపురంలో ఆ లాడ్జి చూసింది నేను

మా ఇంట్లో హిందూపురం కచేరీల కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. పెళ్లిళ్లలో చెప్పుకున్నారు, మగ్గం ఆగినప్పుడల్లా చెప్పుకున్నారు. ఆ లాడ్జి చూసి పెట్టింది ఎవరని అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు. నేను నోరు తెరిస్తే "నీకెప్పుడూ అదే గోల" అంటారు. అవును, నాకు అదే గోల. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో అడ్డం రావడం ఎవరివల్లా కాదు.

అరవైల మొదటి రోజులు. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన పోయాక అన్నే పెద్ద. అవ్వ, వదిన, నేను ఆయన మాట మీద నడవాలి. ఆ రోజుల్లో హిందూపురంలో ఏటా ఒక శని, ఆదివారాలు పందిరి వేసి పాటకచేరీలు, హరికథ, తోలుబొమ్మలాట పెట్టేవారు. ఒక ఏడు అందరం పోయి మా కులం వాళ్ల సత్రంలో దిగాం. సత్రం గదులకు తలుపులున్నాయి గాని తాళాలు లేవు. మూటలకు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను.

"చిన్నోడివి. వచ్చే ఏడు వింటావులే" అన్నాడు అన్న.

వదిన, అవ్వ సత్రం వెనక పొయ్యి దగ్గర ఉండిపోయారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం అన్నం. అన్న రెండు రోజులూ ముందు వరసలో కూర్చుని విని వచ్చి, రాగం ఎట్లా పైకి పోయిందో నాకు చేత్తో గాల్లో గీసి చూపించాడు. చేత్తో! నేను సంగీతాన్ని చూసి తెలుసుకోవాలన్నమాట.

కాబట్టి మరుసటి ఏడు ముందే చెప్పాను, తాళం ఉన్న గదిలో అయితేనే దిగుతానని.

"దిగకుంటే మగ్గం కాడ కూర్చో పో" అన్నాడు అన్న.

"కూర్చోను. వస్తా. తాళం ఉండే రూములోనే దిగుతా."

"అయితే పెనుకొండ ఉండాది గదా. మా అత్తోళ్లింట్లో పండుకొని, రైలుకు పోయి రైలుకు వద్దాం."

బియ్యం చెరుగుతున్న వదిన చాట పక్కన పెట్టింది. "మా అమ్మోళ్లింట్లో దిగితే నేను కచేరీ వినేది యాడ? వచ్చిపోయేవాళ్లకు వండేదానికే సరిపోతాది నాకు."

పైగా పెద్ద కచేరీ మొదలయ్యేసరికి పెనుకొండ పోయే రైలు వెళ్లిపోతుంది. ఆ మాట నేనన్నాను. అన్న విననట్టు లేచి బయటికి పోయాడు.

ఆ వారంలోనే రైలెక్కి హిందూపురం పోయి లాడ్జీలు చూశాను. మొదటిదానికి లోపలి గడియ తప్ప తాళం లేదు. "మా లాడ్జికి దొంగలు రారు" అన్నాడు ఓనరు. "మా పట్టుచీరలు చూస్తే వస్తారు" అని బయటికొచ్చాను. రెండోదానికి తాళం ఉంది గాని గది మేడమీద, మెట్లు నిచ్చెనలాగా ఉన్నాయి. అవ్వ ఎక్కితే మళ్లీ దిగదు. మూడోది పందిరి వేసే మైదానం పక్కనే. కింది గది, ముందర ఉడుపి హోటల్. నేను తలుపు మూసి, తాళం వేసి, భుజంతో గట్టిగా నెట్టి చూశాను.

"ఏమప్పా, రూము తీసుకుంటావా, తలుపు పీక్కొని పోతావా?" అన్నాడు గుమాస్తా.

"పీకినా రాకూడదు. అట్లాంటిదే కావల్ల నాకు."

"అయితే పెనుకొండ కోటలో దిగు పో. ఈడికెందుకొచ్చినావు?"

ఆ గుమాస్తా అన్న మాట కూడా నేను మరిచిపోలేదు. కానీ గది ఖాయం చేశాను.

శనివారం పొద్దున హిందూపురం స్టేషన్లో దిగగానే అన్న జట్కావాడితో "సత్రానికి పోనీ" అన్నాడు. నేను ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. పెట్టె లేకుండా బండి కదలదు, నేను లేవకుండా పెట్టె కదలదు. జట్కావాడు బీడీ ముట్టించుకున్నాడు. చివరికి అవ్వే విసుక్కుంది. "వాడు చెప్పిన కాడికే పోనీరా. చిన్నప్పుడు ఇట్లే పీట మీద కూర్చుంటే పీటతో సహా ఎత్తుకొని పోతాంటిమి. ఇప్పుడు ఎవరెత్తుతారు వాణ్ని?"

లాడ్జిలో అవ్వ మొదట చేసిన పని ఫ్యాను కింది నుంచి చాపను మూలకు లాక్కోవడం. "ఆ రెక్క ఊడిందంటే మనం పాట ఆ లోకంలోనే వినల్ల" అంది. మధ్యాహ్నానికి అదే ఫ్యాను కింద గురక పెట్టింది. హోటల్ నుంచి దోసెలు గదికే వచ్చాయి. ఎవరో కాల్చిన దోసెను వేడివేడిగా కూర్చుని తినడం వదినకు అదే మొదటిసారి. తినడం అయిందో లేదో అలవాటుగా ప్లేట్లన్నీ తీసుకుపోయి కొళాయి కింద తోమడం మొదలుపెట్టింది. సర్వర్ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అవి మేం కడుగుతాం! ఓనరు చూస్తే నా పని పోతాది!"

వదిన తడి చేతులతో అట్లాగే నిలబడి నవ్వింది. అవ్వ నవ్వింది. నవ్వి నవ్వి వదిన గోడకు ఆనుకుంది. అంతసేపు నవ్వడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఇక పొయ్యి లేదు, కాపలా లేదు. తలుపుకు తాళం వేసి నలుగురం పందిట్లోకి పోయాం. నాగస్వరం మొదలైతే వదిన కళ్లార్పకుండా చూసింది. ఒకావిడ పాడుతుంటే అవ్వ చుట్టూ అందరికీ వినపడేటట్టు "అంచు చూడరా, మన ఊరి నేతే!" అంది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అవ్వ వాళ్లకు కూడా చెప్పింది. ఆ తర్వాత నా మోకాలి మీద తాళం వేస్తూ కూర్చుంది. రాగం పైకి పోయింది. దాన్ని నేను చెవులతో విన్నాను. అంత సంతోషం నేను మళ్లీ చాలా ఏళ్లు ఎరగను.

ఆదివారం హరికథ అయ్యాక అవ్వ చేతులు రెండూ ఎత్తింది, అన్న తల మీద పెట్టింది. "నీ కడుపు చల్లగుండ! ఆడోళ్లం మేము కూడా పాట వినేటట్టు చేస్తివి గదరా." నేను పక్కనే ఉన్నాను. అన్న కాదనలేదు. తల వంచి దీవెన పుచ్చుకున్నాడు.

అవ్వ అట్లాగే అనుకుంటూ కన్నుమూసింది. ఇప్పుడు అన్న మనవళ్లను కూర్చోబెట్టుకుని "పాపం, ఆడోళ్లు పొయ్యి కాడ ఉండిపోతాండారని నేనే రూము మాట్లాడినా" అని చెబుతున్నాడు. నేను ఆడవాళ్ల కోసం చూశానని అనను. నా కోసమే చూసుకున్నాను. కానీ ఊరంతా తిరిగి, తలుపు నెట్టి చూసింది నేను.

అన్నా, వదిన ఇంకా నీ పక్కనే ఉంది. ఆమె వింటుండగా, నీ మనవళ్లందరూ వింటుండగా చెప్పు. ఆ లాడ్జి చూసింది ఎవరు? నువ్వా, నేనా?