ఉప్పుమళ్లలో ఒక ముఖం

ఆమెను అందరూ ఫోటోలక్క అనేవారు. అక్కా అని పిలిచేవాళ్లే గాని అక్కగా చూసుకునే తోబుట్టువు ఒక్కరూ లేరు. తన ఫోటో స్టూడియో వెనక గదిలోనే వంట, నిద్ర. జేబుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ గుమ్మం తొక్కేవాళ్లు కరువయ్యారు. పొద్దున లేచింది మొదలు పెదవి విప్పే పని లేకుండా పొద్దుగూకిన రోజులు ఎన్నో. ఉప్పు కంపెనీ క్యాలెండరుకు ఏటా ఫోటోలు తీసే పని మాత్రం మిగిలింది.

ఆ ఏడూ ఉప్పుమళ్లకు మిట్టమధ్యాహ్నమే వెళ్లింది. కూలీలకు తీరిక దొరికేది అప్పుడే. నెత్తిన ఎండ, కాళ్ల కింద ఉప్పు, రెండూ కళ్లలో పొడుస్తున్నాయి. కుప్ప పక్కన నిలబెట్టిన ముసలి కూలీ తలగుడ్డ సర్దుకుంటూ అంది:

"నన్ను తీసి ఏం లాభం తల్లీ? పోయినేడు క్యాలెండర్లో మా ఆయన ఉన్నాడన్నారు. చూస్తే బొగ్గుముక్క నిలబడ్డట్టుంది. ఆ తర్వాత నెలకే పోయాడు. ఇంకో ఫోటో లేదు."

ఫోటోలక్క ఉప్పుకుప్ప వైపు చూసింది. అంత తెలుపు చూస్తే కెమెరా బెదిరి వెలుతురు తగ్గించేస్తుంది. ఉప్పు గింజ గింజా కనబడుతుంది, మనుషులు మసిబారిపోతారు. ఆ సంగతి తెలియక కాదు. కంపెనీకి కావలసింది ఉప్పే కదా అని ఇన్నాళ్లూ ఊరుకుంది.

ఈసారి దగ్గరికి నడిచి, ఫ్రేము నిండా ఆ ముఖమే పెట్టుకుని, తలగుడ్డ నీడలో ఉన్న చెంపను బట్టి వెలుతురు కొలిచింది. ఆ కొలత మారకుండా వెనక్కి వచ్చింది. ఉప్పుకుప్ప తెల్లకాగితమైపోతుందని తెలుసు. పోతే పోనీ అనుకుంది.

"ఎండకు కళ్లు చికిలిస్తున్నావు, కాసేపు మూసుకో పెద్దమ్మా. నేను చెప్పగానే తెరువు."

తెరవగానే నొక్కింది.

మేనేజరు ఫోటో చూసి, "మా ఉప్పు తిని ఉప్పునే మాయం చేశావేంటమ్మా!" అన్నాడు. వచ్చే ఏడు నుంచి రానక్కర్లేదన్నాడు. ఆమె ఫోటో అచ్చు వేసుకుని ఉప్పుమళ్లకు వెళ్లింది.

ముసలామె దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసింది. "అచ్చం మా అమ్మే!" అని నవ్వబోయి ఆగింది. "మా ఆయన్ని కూడా ఇలా తీసుంటే..."

"పోయినేడు తీసింది నేనే పెద్దమ్మా."

ముసలామె ఫోటో మీంచి తలెత్తి ఆమెను చూసింది. ఫోటోను తలగుడ్డలో జాగ్రత్తగా చుట్టుకుని, పార అందుకుని పనిలోకి వెళ్లిపోయింది. ఫోటోలక్క కాసేపు అక్కడే నిలబడింది. ఎవరూ పిలవలేదు. బస్సు కోసం గట్టు వెంట నడిచింది.