క్యాబినెట్ లోపలి కొలత

మా మనవరాలు మదనపల్లె దగ్గర అంగళ్లు ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఇంట్లోని పాత కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు కావాలంది. జాకెట్లు కుట్టే టేపుతో క్యాబినెట్ లోపల కొలిచి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాశాను: ముప్పై సెంటీమీటర్లు. మరుసటి రోజు మదనపల్లె అంగట్లో చూసిన కార్డు పెట్టె మీద పొడవు ఇరవై ఎనిమిదిన్నర అని ఉంది.

"సీలు తీస్తే వాపసు తీసుకోమమ్మా," అన్నాడు అంగడాయన.

"కొలుసుకోనే వచ్చినామప్పా," అన్నాను.

ఇంటికొచ్చి పెడితే కార్డు ముందున్న ఫ్యానుకు తగిలి ఆగిపోయింది. వెనక రేకు నుంచి ముందు రేకు దాకా కొలిచానే గాని, రెండున్నర సెంటీమీటర్ల మందమున్న ఆ ఫ్యానును లెక్కలోకి తీసుకోలేదు. సీలేమో అప్పటికే చింపేశాం.

"అవ్వా, నీ టేపుకు కండ్లు కనపడలేదా?" అంది మనవరాలు, నవ్వాలో ఏడవాలో తెలీక.

"ఉండమ్మే. ఆ ముందర మూత తియ్యి. రేకుకు ఆ పక్క సోటుండాదేమో సూస్తాం."

ఉంది. నాలుగు స్క్రూలు విప్పి, ఫ్యానును రేకుకు అవతల, ప్లాస్టిక్ మూత లోపల బిగించాం. ఈసారి కార్డు టక్కున కూర్చుంది. ఒకటిన్నర సెంటీమీటరు మిగిలింది కూడా.

తెర వెలగగానే మనవరాలు నా నోటుపుస్తకం లాక్కుని, ముప్పై పక్కన రాసింది: "ఫ్యాను బయట ఉంటేనే. తప్పు మా అవ్వదే." తేదీ వేయడం మరిచిపోయింది. అది నేను వేశాను.