బొడ్డు పక్కన రంధ్రం

ఐదో నెల స్కానింగ్ చేస్తూ డాక్టరమ్మ ఉన్నట్టుండి మాటలు ఆపేసింది. "ఏమైంది మేడమ్?" అని రెండుసార్లు అడిగాను. నన్ను వదిలేసి, పక్కన నిలబడ్డ మా అత్తతో చెప్పింది.

"బిడ్డకు బొడ్డు పక్కన రంధ్రం ఉందండి. పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతున్నాయి. తీయించేసుకోవడమే మేలు."

కడుపు నాది, జవాబు మా అత్తకు. ఆ డాక్టరమ్మ మీద కోపం నాకింకా తగ్గలేదు.

ఖాజాగూడలో మా కిరాయి గదికి చేరగానే, నాకు తోడుండడానికి ఊరి నుంచి వచ్చిన అత్త అందుకుంది. "గ్రహణం నాడు కూరగాయలు కోయొద్దన్న. విన్నవా? ఇగ జూడు, గిట్లయింది."

గ్రహణం రోజంతా నేను ఒక ఐటీ ఆఫీసులో బాత్రూములు కడుగుతూ ఉన్నాను. కత్తి ముట్టనేలేదు. ఆ మాటే అంటే, "నోరు జాస్తయింది" అంది. క్యాబ్ నడిపే నా మొగుడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అమ్మ చెప్పినట్టు తీయించేద్దాం" అన్నాడు.

మర్నాడు రిపోర్టు పట్టుకుని, చిన్నపిల్లల సర్జన్ ఉన్న పెద్ద దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన మళ్లీ స్కాన్ చేయించి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"నీ తప్పేం లేదమ్మా. గుండె బాగుంది, మిగతావన్నీ బాగున్నాయి. కాన్పు ఇక్కడే కావాలి. పుట్టగానే పేగులను శుభ్రమైన సంచిలో ఉంచి, మెల్లగా లోపలికి పంపిస్తాం. చాలామంది బతుకుతారు. పేగు దెబ్బతింటే మాత్రం కష్టం. మాటివ్వలేను."

మాటివ్వనందుకే ఆయన్ని నమ్మాను.

"కంటా" అన్నాను ఇంటికొచ్చి.

"అయితే నా గడప తొక్కకు" అంది అత్త.

"కిరాయి గదికి గడప నీదెప్పుడైంది?" అన్నాను.

నెలలు నిండే ముందు పాప పుట్టింది. ఎర్రటి పేగులను పారదర్శకమైన సంచిలో పెట్టి, పొట్ట మీద నిలబెట్టి కట్టారు. రోజూ కొంచెం కొంచెం లోపలికి నెట్టి, ఆరో రోజు పొట్ట మూసేశారు. నా మొగుడు అద్దం బయట నిలబడి ఏడ్చాడు. "నన్ను మాఫ్ చెయ్యే" అన్నాడు.

"పక్కకు జరుగు. పాలు పిండాలె" అన్నాను.

నలభై రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. తొట్లెలో వేసే రోజు అత్త వచ్చినవాళ్లందరికీ, "నా మొక్కుతోనే బతికింది" అని చెప్పుకుంది. అందరి ముందే ఆమె ఒళ్లోంచి పాపను లాక్కున్నాను.

"తీయించమన్నది కూడా నువ్వే. అది చెప్పు జర."

పాపకిప్పుడు నాలుగేళ్లు. రెండు చపాతీలు తిని మూడోది అడుగుతుంది. అత్త వస్తే టీ పెట్టి ఇస్తాను. పాపను మాత్రం ఆమె ఒళ్లో కూర్చోనివ్వను.