మూత పెట్టిన బావి

మా పెదనాయిన లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు: తాళం వేసినవి, ఇంకా వేయాల్సినవి. మా ఇంటి బావి చాలాకాలం రెండో రకంలో ఉండిపోయింది. ఆయన బాధంతా అదే.

వరంగల్ బజారులో ముందు మా కిరాణా దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో రాళ్లతో కట్టిన చేదబావి ఉండేవి. పెరటి తలుపు తీస్తే హమాలీల వాడ. మార్కెట్లో పొద్దంతా బస్తాలు మోసేవాళ్ల ఇళ్లవి. డెబ్బైల చివర్లో నేను ఆ ఇంట్లో లంగా ఓణీ వేసుకునే వయసు పిల్లను. మా నాయిన చిన్న కొడుకు కనుక ఇంట్లో ఆయన మాటకు విలువ లేదు. ఆయన అసలు మాట్లాడేవాడే కాదు కనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పెత్తనమంతా పెదనాయినది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. ఆయన్ని "ఒరే" అని పిలవగలిగింది మా నాయనమ్మ ఒక్కతే.

నాయనమ్మ దేవత అని రాయాలని నాకేమీ లేదు. ఆమె మడి పిచ్చి ఆమెకుండేది. తెల్లవారుతూనే తడిబట్టతో తన ఇత్తడి బిందె నింపుకుని, తన మడినీళ్లు ఎవరి నీడా పడని మూల పెట్టుకుని, అప్పుడు పెరటి తలుపు గొళ్లెం తీసేది. అప్పటినుంచి బావి వాడ ఆడవాళ్లది. మా వీధిలో మిగతా బావులన్నీ ఉప్పు నీళ్లు. మాది తియ్యగా ఉండేది. గిరక కీచుమంటూనే ఉండేది, బొక్కెన దిగుతూనే ఉండేది, నవ్వులూ తగాదాలూ అన్నీ అక్కడే. "తోడే బావికే ఊట" అనేది నాయనమ్మ. పుణ్యం కోసం కాదు, బావి కోసమే ఆమె ఆ తలుపు తీసింది. నా దృష్టిలో అది పుణ్యం కన్నా మంచి కారణం.

ఆ బావిలో ఏముండేదో చెప్పాలి. రాళ్ల సందుల్లో పచ్చటి మొక్కలు మొలిచేవి. పై వరసలో పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. నీటి అంచున కప్పలు కూర్చునేవి. మిట్టమధ్యాహ్నం కాసేపే ఎండ లోపలికి దిగేది. ఆ కాసేపటి ఎండకే రాళ్లమీద నాచు పెరిగేది. నాచును చేపలు కొరికేవి, దోమల పిల్లల్ని మింగేవి. బొక్కెన దబ్బుమని పడి నీళ్లను కలియబెట్టేది, దానితోపాటు గాలి లోపలికి పోయేది. పైన తోడినకొద్దీ అడుగున రాతి పగుళ్లలోంచి కొత్త నీరు ఊరేది. బడిలో మా సైన్సు టీచరు సజీవాలు, నిర్జీవాలు అని రెండు వరసలు గీయించి రాయి ఇటు, చేప అటు రాయించింది. ఆ మహాతల్లి మా బావిలోకి ఒక్కసారి తొంగిచూసి ఉంటే ఆ గీత ఎక్కడ గీయాలో ఆవిడకే తోచేది కాదు.

చేపలన్నాను కదా. మేము శాకాహారులం. మా ఇంట్లో ఆ మాట పలికితే నోరు కడుక్కోవాలి. అందుకని వాటిని "గంగమ్మ పిల్లలు" అనేవాళ్లం. ఎండాకాలం పూడిక తీసి, మొదటి వాన పడ్డాక వాడలోని ఒక హమాలీ చెరువునుంచి చిన్న చేపల్ని కుండలో పట్టుకొచ్చి బావిలో వదిలేవాడు. అతను వదులుతున్నంతసేపూ మా ఇంటివాళ్లు ముఖాలు గోడకు తిప్పుకునేవాళ్లు. అతను వెళ్లగానే అందరూ గట్టుమీద వంగి "ఎట్లున్నయే? అన్నీ ఈదుతున్నయా?" అని చూసేవాళ్లు. నాయనమ్మ అందరికన్నా ముందు వంగేది.

ఇట్లా ఉండగా ధర్మసాగర్ చెరువు నీళ్లు మా ఇంటికి నల్లాలో వచ్చాయి. అందరం సంబరపడ్డాం. నాయనమ్మ మాత్రం ముట్టలేదు.

"నల్లాల నీళ్లు కారకుండ తోలు వాచర్ బిళ్ల ఉంటదట. ఏ గొడ్డు తోలో ఏమో. ఆ నీళ్లు నా నోట్లె పొయ్యయి" అంది.

అక్కడితో ఆగలేదు. పెదనాయినను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒరే, నేను పెండ్లయి ఈ ఇంటికొచ్చిన్నాడు ఈ బాయి నీళ్లతోనే నా కాళ్లు కడిగిన్రు. పొయ్యేనాడు నా నోట్ల పోసేటియి గూడ గివే కావాలె. తులసాకు ఏసి నువ్వే పొయ్యాలె. నల్లా నీళ్లు పోసిన్రో, నోరు మూసుకుంట, చెప్తున్న."

"గట్లనే అమ్మా. గదెంత పని" అన్నాడు పెదనాయిన. ఆయనకు ఇవ్వటంలో సులువైనది మాట ఒక్కటే. అది ఎంతమందికైనా ఇచ్చేవాడు.

ఆ మరుసటి ఎండాకాలం వానల్లేక ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. మాదీ తగ్గింది, కానీ ఎండలేదు. పెదనాయిన రోజూ పొద్దున గట్టుమీద నిలబడి వాడవాళ్ల బిందెల వంక చూసేవాడు. ఆయన చూపులో ప్రతి బిందే దుకాణంలోంచి ఊరికే పోతున్న సరుకు. చివరికి ఒకరోజు తేల్చేశాడు. పెరటి తలుపు మూస్తాడు, బావి మీద స్లాబు వేయిస్తాడు, మోటారు పెట్టిస్తాడు.

"గిన్ని రోజులు మన నీళ్లు మందికి ధారపోసినం. ఇగ బంద్" అన్నాడు.

"తోడకుంటే బాయి చస్తదిరా" అంది నాయనమ్మ.

"బాయి చచ్చుడేందమ్మా? రాయి, నీళ్లు. చావనీకె దానికేమన్న పాణముందా?"

"మరి లోపలున్న గంగమ్మ పిల్లల సంగతేంది?"

"అవి నీళ్లలనే గదా ఉండేది? నేనేమన్న నీళ్లు తీసేస్తున్ననా? నువ్వేం ఫికర్ చెయ్యకు."

నిజానికి వాటిని తీసి ఇంకెక్కడైనా వదలమని చెప్పటం ఎంతసేపు? కానీ మా వాళ్లెవరూ చేపను ముట్టరు. ముట్టేవాళ్లు తలుపు అవతల ఉన్నారు. ఆ తలుపుకు అప్పటికే కొత్త తాళం వేలాడుతోంది. పైగా పూజారి అయ్యగారు పెట్టిన ముహూర్తం దాటిపోతోంది. ఊళ్లో నీళ్ల కరువుంటే మా ఇంట్లో బావికి మూత పెట్టడానికి ముహూర్తం చూసుకున్నారు, కొబ్బరికాయ కొట్టారు, మేస్త్రీకి బొట్టు పెట్టారు.

మూత పడేముందు నీళ్లు శుభ్రం చేయాలన్నారు ఎవరో. గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చాలన్నారు. దుకాణంలో తడిసి గడ్డకట్టి అమ్ముడుపోని సంచి ఒకటి ఉంది. పెదనాయిన సంచి మొత్తం కుమ్మరించాడు. చెడిన సరుకు పారేయటానికి చేయాడని మనిషికి అంత దానగుణం ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపడనక్కర్లేదు. ఆ పైన సిమెంటు స్లాబు, దానికి చిన్న ఇనుప మూత, మూతకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. స్లాబు మీద గులాబీ రంగు కూడా వేయించాడు. పైన పటారం, లోన లొటారం.

కొన్నాళ్లకు మోటారు నీళ్లలో కంపు మొదలైంది.

మొదట పైపు కొత్తదన్నారు. తర్వాత మేస్త్రీ సిమెంటు మంచిది కాదన్నారు. ఆ తర్వాత వాడవాళ్ల దిష్టి అన్నారు. మా పెద్దమ్మ నిమ్మకాయ కోసి స్లాబుకు నాలుగువైపులా పెట్టింది. కంపు దేనిదో అందరికీ తెలుసు. చేపలు చచ్చాయి, కప్పలు చచ్చాయి, ఎండ పడక నాచు కుళ్లింది. బొక్కెన అయితే పైనీళ్లు తోడేది. మోటారు గొట్టం అడుగు దాకా దిగి ఆ కుళ్లంతా పీల్చి పైకి పోస్తోంది. ఉల్లిగడ్డ వాసనకే ముక్కు మూసుకునే ఇంట్లో చేపల పులుసు నల్లాలాగా కారుతుంటే ఒక్కరి నోటినుంచి "చేప" అన్న మాట రాలేదు. "అవే అయి ఉంటయి" అనేవాళ్లు మెల్లగా. తిలా పాపం తలా పిడికెడు. మేమందరం ధర్మసాగర్ నీళ్లు తాగుతూ కూర్చున్నాం. బావి నీళ్లు తాగుతున్నది నాయనమ్మ ఒక్కతే.

ఆమె వాంతులు చేసుకుంది. అప్పుడు గానీ పెదనాయిన మోటారు మెకానిక్‌ను పిలవలేదు. అతను గొట్టం పైకి లాగి, దాని చివర ఉన్న పరికరం విప్పి, "సేటూ, గీ తోలు వాచర్ గూడ నానిపోయింది, మార్చాలె" అన్నాడు. పెదనాయిన అతని నోరు మూయబోయాడు. ఆలస్యమైంది. వంటింటి గుమ్మంలో మా అమ్మా నేనూ ఉన్నాం. తోలు వద్దని నల్లా మానేసిన మనిషికి ఇన్నాళ్లూ తోలులోంచే నీళ్లు పట్టి ఇచ్చారన్నమాట. "ఆమెకు చెప్పకున్రి" అన్నాడు ఆయన మాతో. ఆమెను కాపాడటానికి కాదు, తనను కాపాడుకోవటానికి.

బావిలోకి దిగి తీసేవాళ్లు కావాలి. పెదనాయిన తాళం తీసి, పెరటి తలుపు తెరిచి, ఏళ్ల తరబడి మా బావిలో నీళ్లు తోడిన ఒక హమాలీ భార్యను పిలిచాడు. ఆమె గడప దాటలేదు.

"మీ ఆయన్ని జర పంపియ్యమ్మా. బాయిల దిగేదున్నది. తర్వాత మీరు మంచిగ తోడుకోన్రి. నేనేమన్న వద్దంటినా?"

"తలుపు మీరే ఏసిన్రు గద సేటూ. మాకు సందు మూలకు నల్లా వచ్చింది. బారు కట్టి పట్టుకుంటున్నం. మీ బాయిల ఏం చచ్చిందో మీరే తీసుకోన్రి" అని, లోపలికి తొంగిచూసి, "అవ్వా, మంచిగున్నవా?" అని అడిగింది. నాయనమ్మ మంచంలోంచి చేయెత్తింది. ఆమె వెళ్లిపోయింది.

హన్మకొండ వైపు నుంచి ఇంకెవరినో పిలిపించారు. వాళ్లు చచ్చినవన్నీ బొక్కెనలో తీసి, పైన గుడ్డ కప్పి తీసుకుపోయారు. ఆ గుడ్డ మా కోసం. ఇల్లంతా పసుపునీళ్లు చల్లారు. బావి నీళ్లు మొత్తం తోడించారు. కొత్త నీళ్లు తేటగా ఊరాయి. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. స్లాబు పగలగొట్టమని, వాన పడ్డాక మళ్లీ గంగమ్మ పిల్లల్ని వేయించమని నాయనమ్మ అడిగింది. "మల్ల సచ్చి కంపు కొట్టనీకెనా?" అని పెదనాయిన ఇనుప మూత తిరిగి వేయించాడు.

ఇప్పుడు తోడేవాళ్లు లేరు. మాకు నల్లా ఉంది, వాడకు నల్లా ఉంది. ఒక్క ముసలామె తాగే నీళ్లకు మోటారు ఎంతసేపు తిరుగుతుంది? నీళ్లు కదలకుండా చీకట్లో పడి ఉన్నాయి. మూత సందులోంచి దోమలు పోయి గుడ్లు పెట్టాయి. వాటిని తినేవి లేవు. నీళ్లమీద తెట్టె కట్టింది. మా అమ్మ పొద్దున్నే తడిచీరతో పక్కవీధి దాకా పోయి, ఎవరింటి ఉప్పు బావినుంచో నాయనమ్మకు బిందె మోసుకొచ్చేది.

"మన బాయి తోడున్రిరా. మనిషినైనా బాయినైనా మూలకు కూసోబెడితే కంపే కొడతది. నన్ను చూస్తలేరా?" అనేది నాయనమ్మ.

"దసరా కానియ్యమ్మా, పగలగొట్టిస్త" అన్నాడు పెదనాయిన. దసరా అయ్యాక పత్తి సీజన్ అన్నాడు. సీజన్‌లో దుకాణం వదిలి రావటం కుదరదన్నాడు. గులాబీ రంగు స్లాబు మీద మా పెద్దమ్మ వడియాలు ఎండబెట్టుకుంది.

ఆ చలికాలంలోనే నాయనమ్మకు జ్వరం ముదిరింది. దవాఖానకు రానంది. అక్కడ కూడా నల్లా నీళ్లే కదా. చుట్టాలందరూ వచ్చారు. ఇక తులసినీళ్లు పోయాలన్నారు ఎవరో. పెదనాయిన పెరట్లోకి పోయి మోటారు వేశాడు. వచ్చిన నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి, వాసన గుమ్మం దాకా కొట్టింది. ఆయన చెంబు ఒంపేసి, అటూ ఇటూ చూసి, వంటింట్లో నల్లా కింద పెట్టి నింపుకున్నాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. నన్ను లెక్కచేయలేదు.

మంచం పక్కన కూర్చుని ఉద్ధరిణిలో తులసాకు వేసి, అందరికీ వినబడేట్టు, "బాయి నీళ్లేనే అమ్మా. మన బాయియే" అన్నాడు.

మొదటి ఉద్ధరిణి నీళ్లు ఆమె నోట్లోకి తీసుకుంది. తీసుకుని, కళ్లు తెరిచి కొడుకు వంక చూసింది. ఆ నీళ్ల రుచి ఆమెకు తెలియకపోవటమేమిటి? పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఏళ్ల తరబడి ఆ ఒక్క బావి నీళ్లే తాగిన నాలుక అది. ఆమె పెదవులు బిగించింది. నోట్లోవి చెంపమీదుగా బయటికి కారాయి. ఆయన రెండోసారి పోశాడు, అవీ గడ్డం మీంచి జారిపోయాయి.

"మింగింది, మింగింది" అన్నాడు పెదనాయిన.

"పుణ్యాత్మురాలు. కొడుకు చేతి నీళ్లు తాగి పోయింది" అన్నారు చుట్టాలు.

దిండు తడిసి ముద్దయింది. ఆమెను కిందికి దించాక దాన్ని నేనే పిండి ఎండలో వేశాను. పెరట్లో ఎండ ఉన్నది ఆ స్లాబు మీదే.