పచ్చి పూత మీద నా వేలు

ఖుద్సియా ఆపా చెయ్యి వణుకుతోందని నాకంటే ముందు మేనేజర్ శ్రీధర్ కనిపెట్టాడు. "రేపు కొనేటోళ్లు వస్తున్నరు. వాళ్లకు మచ్చలేని పళ్లెం ఒకటి చూపియ్యండమ్మా. లేదంటే సోమవారం నుంచి బొమ్మల స్టిక్కర్లే అతికిద్దాం" అన్నాడు. పదకొండేళ్లు బొమ్మలేసిన మనిషితో అనే మాటేనా అది! నాకు ఒళ్లు మండిపోయింది.

కొత్తగూడెంలో మాది చిన్న కార్ఖానా. హాలెండ్ దేశం పద్ధతిలో తెల్ల పళ్లాల మీద నీలి గాలిమరలు, పడవలు వేస్తాం. మొదట్లో నేర్పడానికొచ్చిన డచ్చి టీచరమ్మ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది పళ్లెం మీదికి బొమ్మ దింపింది. అది చూసి ఆపా పకపకా నవ్వింది. "మా అబ్బా మగ్గం వర్కుకు గిట్లనే దింపెటోడు" అంది. ఆ రోజు నుంచి కుంచె ఆమెది, బట్టీ నాది.

ఈ పనిలో ఒక తిరకాసుంది. కాల్చకముందు తెల్ల పూత పచ్చిది, పిండిలా ఉంటుంది. కుంచె తగలగానే రంగు పీల్చేస్తుంది, చెరపడానికి వీల్లేదు. రంగు కూడా అప్పుడు మసిలా ఉంటుంది. నీలం తేలేది బట్టీలోనే.

పూత ఆరిన పళ్లెం ఆ రోజు ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నమంతా ఆపా ఊపిరి బిగబట్టి గీసింది. పక్కన నిలబడి నేను కొంగు నలిపేశాను. గాలిమర రెక్క చివర చెయ్యి అదిరింది. గీత ఆకాశంలోకి జారింది. సాయంత్రం అసర్ అజాన్ వినిపిస్తే ఆపా కుంచె పెట్టేసి నమాజుకు లేచింది.

నా చేతులు పడిపోను! ఆమె వచ్చేలోపు తడివేలితో ఆ గీత తుడిచేశాను. శుభ్రంగానే కనిపించింది.

"గీతేదే ప్రమీలా?" అంది ఆపా వస్తూనే.

"తుడిచేసిన ఆపా. కనబడ్తలేదు గదా."

"యా అల్లా! పచ్చి పూతను ముట్టుకుంటరా? రంగు లోపలికి దిగుంటది. బట్టీలో బయటపడ్తది. ఇంక ఆడ కుంచె పెట్టినా పూత లేచిపోతది."

కాల్చక తప్పలేదు. మర్నాడు పొద్దునకు బట్టీ చల్లారింది. శ్రీధర్ వచ్చి నిలబడ్డాక దాని తలుపు తీశాను. గాలిమర పక్కన నీలంగా నా వేలిముద్ర.

"మీ చెయ్యి పోయిందమ్మా" అన్నాడు శ్రీధర్. ఆపా నా పేరు చెప్పలేదు.

"అది నా వేలు సార్! నేనే తుడిచిన" అని అరిచాను.

"ఏం తుడిచినవ్?"

గీత జారిందంటే ఆమె చెయ్యి పోయిందని నేనే సాక్ష్యం చెప్పినట్టు.

"గీత తప్పిన మాట నిజమే సార్" అంది ఆపా. "నమాజ్ చేసుకొచ్చి దాన్ని పిట్టను చేద్దామనుకున్న."

"పిట్టనా?"

ఆపా అల్మారాలోంచి పళ్లాలు తీసి వరసగా పెట్టింది. పడవ మీద పిట్ట, చెట్టు పక్కన పిట్ట. చిల్లుల కాగితాలు తెచ్చి పక్కన పరిచింది. వాటి మీద ఒక్క పిట్టా లేదు.

"వణుకు ఇప్పటిది సార్. తప్పు గీతలు మొదటి ఏడాది నుంచి ఉన్నయి."

శ్రీధర్ ఒక్కో పళ్లెం ఎత్తి చూశాడు. కొనేవాళ్లు ఏరి ఏరి తీసుకునేవి ఆ పళ్లాలే. "ఇంకోటి మొదలుపెట్టండమ్మా. వచ్చేటోళ్లకు నేను చెప్పుకుంట, స్టిక్కర్లు వద్దు" అన్నాడు. నా వైపు వేలు చూపించి, "ఈమెను మాత్రం బొమ్మల గదిలకు రానియ్యకండి" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పదకొండేళ్లుగా ఆ పిట్టలను పెట్టెల్లో సర్దింది నేనే, అవి తప్పు గీతలని ఒక్కనాడూ పోల్చుకోలేదు.