నానా వాచీ

షహజాది బేగం నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. అలియాబాద్ కాడ రోడ్డు పక్కన జామకాయల గంప పెట్టుకొని కూసుంటది. కారు దిగకుండ బేరం జేసేటోన్ని చెడామడా తిడ్తది, తూకమేసినంక మళ్ల రెండు కాయలు ఎక్కువేస్తది. ఊరందరితోటి కొట్లాడుతది గని కొడుకు రిజ్వాన్‌ను ఎవలన్న ఒక్క మాటంటే ఊకోదు. "కాకిపిల్ల కాకికి ముద్దు" అని పెనిమిటి గఫూర్ నవ్వుతడు.

ఆమె తండ్రి లారీ డ్రైవర్. కన్నుమూసే ముందట చేతి వాచీ విప్పి బిడ్డ చేతుల పెట్టిండు. కొడుకులుండంగ తనకిచ్చిండని ఆమెకు గర్వం. అద్దం పసుపుబారింది, వెనకాల అక్షరాలు చెమటకు అరిగిపోయినయ్, ఆరు అంకె మీద ఇంత తుప్పు మచ్చ. అది ఆగిపోతే, మేడ్చల్‌ల కరెంటు సామాన్ల దుకాణంల పనిజేసే రిజ్వాన్ బాగుజేపిస్తనని తీస్కపోయిండు. అడిగినప్పుడల్లా "పాత వాచీ గద అమ్మీ, సామాను దొరుకుతలేదు" అనెటోడు. ఆమె నమ్మింది. కన్నకొడుకును నమ్మక ఎవల్ని నమ్ముతది?

రెండువేల పదమూడుల రంజాన్ పండుగనాడు గోపాలరావని ఒక సారు ఇంటికొచ్చిండు. గుంటూరు దిక్కాయన, బహదూర్‌పల్లి కాలనీల ఉంటడు, రిజ్వాన్ దుకాణానికి ఎప్పుడూ వస్తుంటడు. వస్తడా సస్తడా అని రిజ్వాన్ మాటవరసకు పిలిస్తే ఆయన నిజంగనే దిగిండు. రిజ్వాన్ మొఖం సున్నమేసినట్టయింది. నెలదినాల ఉపాసాల నీరసమనుకుంది తల్లి.

షీర్‌ఖుర్మా పాయసం గిన్నె అందుకోంగ సారు చేతి వాచీ ఆమె కంట్ల పడ్డది. ఆరు మీద తుప్పు మచ్చ! తౌబా తౌబా, గసుంటియి లోకంల మస్తుంటయ్, కొడుకును అనుమానించుడేంది అని తన్ను తానే తిట్టుకుంది.

ఆమె చూపు చూసి సారు మురిసిపోయిండు. "బాగుంది కదమ్మా? పాత వాచీ కోసం ఎంత తిరిగానో! అందరూ మెరుగుపెట్టి కొత్తదానిలా చేసి అంటగడతారు. ఇది ఉన్నదున్నట్టు దొరికింది. ఈ మచ్చా, ఈ అరుగుదలా చూసే కొన్నాను. పెద్దాయన ఏళ్ళ తరబడి పెట్టుకున్నది."

అంతల గఫూర్ లోపటికొచ్చిండు.

"మా అబ్బా, సార్" అన్నడు రిజ్వాన్.

సారు గిన్నె కింద పెట్టి లేచిండు. "మీ నాన్నా? నాన్న పోయాడని చెప్పేగా ఈ వాచీ నాకమ్మావు! మా నాన్న గుర్తొచ్చి నీ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కదయ్యా!"

"నేనెప్పుడు సచ్చిన్రా?" అని గఫూర్ పకపక నవ్విండు.

షహజాదికి పాణం లేచొచ్చింది. గఫూర్ పేరు జెప్పి అమ్మిండంటే గా వాచీ ఇంకెవలిదో, తన తండ్రిది కాదు.

"అయ్యో, నాన్న కాద్ సార్!" అబద్ధాలకోరనిపించుకోవద్దని రిజ్వాన్ తొందరపడ్డడు. "నానా అన్న నేను! నానా అంటే అమ్మీ వాళ్ల నాయిన. ఆయన పోయింది నిజమే గద. గీ వాచీ ఆయనదే, కసమ్!"

తానేం అన్నడో అన్నంక గని వానికి సమజ్ కాలే.

"సామాను దొరుకుతలేదంటివి గదరా" అన్నది షహజాది. ఎన్నడూ లేనిది ఆమె గొంతు సన్నగొచ్చింది.

"నడుస్తలేకుండె గద అమ్మీ. ఊకెనే పడి ఉండె. టచ్ ఫోన్ కొనుక్కున్న..."

సారు గబగబ వాచీ విప్పి ఆమె చేతుల పెట్టిండు. "నాకు తెలీదమ్మా. తెలిస్తే కొనేవాణ్ణి కాదు." వాచీ టిక్కుటిక్కుమంటాంది. కొన్న పరాయోడు బాగుజేపిచ్చిండు, కన్నోడు చెయ్యలే.

"మీ తప్పేం లేదు సార్. మీ పైసలు మీకు పంపిస్త. కూసోండ్రి, ఖుర్మా సల్లారుతాంది" అని ఆయన తాగేదాంక నిలబడ్డది. వాకిలి దాంక సాగనంపింది. మళ్లొచ్చి కొడుకు ముందట నిలబడ్డది. తిడ్తదేమో, కొడ్తదేమో అని వాడు తల దించుకున్నడు.

"ఇంగేమేం అమ్మినవ్‌రా?" అని అడిగింది.

"అల్లా కసమ్ అమ్మీ, ఇంకేం లేదు. నీ మీదొట్టు!"

షహజాది వాని మొఖంలకే చూసింది. నమ్మాలని మస్తు కోషిష్ జేసింది. నమ్మలేకపోయింది.